కుందేలు ఏడవని క్రీము

యాభైకి రెండడుగుల దూరంలో ఉన్న ఆడవాళ్ళకు మొహం మీద ముడతలు రావడం శాపమని లోకం అంటుంది. తప్పు! శుద్ధ తప్పు! ముడత రావడం వరం. దాన్ని పోగొట్టే క్రీము కోసం ఊళ్ళు తిరగడం అంతకంటే పెద్ద వరం. ఆ తిరుగుడులో అబ్బే లోకజ్ఞానం ఏ యూనివర్సిటీ ఇస్తుంది చెప్పండి?

నమ్మకం కుదరకపోతే సలోమి మేడమ్ గారి సంగతి వినండి.

రెండువేల నాలుగో సంవత్సరం నాటి మాట. సలోమిగారిది రాజోలు. రోజూ పొద్దున్న ఏడింటి బస్సెక్కి అమలాపురం వెళ్ళి, అక్కడో ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే బస్సు, అదే బల్ల, అదే బొద్దింక. వయసు నలభై ఎనిమిది. భర్త స్టీఫెన్ గారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవారు. ఆయనకు యాభై రెండు. బట్టతల, బొజ్జ రెండూ వచ్చిన ఏడాదే ఆయన్ని చర్చి కమిటీలో పెద్దగా ఎన్నుకున్నారు. మగవాడికి వయసు అలా కలిసొస్తుంది మరి!

ఆ ఏప్రిల్లో, పరీక్షలు ముగిశాక, కాలేజీ కరస్పాండెంటు ప్రభాకరరావుగారు సలోమిగారిని తన గదిలోకి పిలిచారు. ఆయనకు అరవై రెండేళ్ళు. జుట్టు మాత్రం అప్పుడే వేసిన తారు రోడ్డులా నిగనిగలాడుతూ ఉంటుంది.

"కూర్చోండి మేడమ్. ఈ ఏడు అడ్మిషన్లకి కలర్ పాంప్లెట్ వేయిస్తున్నామండి. లెక్చరర్లందరి ఫోటోలతోటి."

"మంచిదేనండీ."

"మంచిదే గానండీ..." ఆయన పేపర్ వెయిట్‌ను గిరగిరా తిప్పారు. "ఇప్పుడు పేరెంట్సంతా ఫ్రెష్ ఫేసులు అడుగుతున్నారండి. మీ దగ్గర చదువుకున్న అమ్మాయే, హారిక, ఎమ్మెస్సీ పూర్తి చేసి వచ్చింది. ఫోటో ఆ అమ్మాయిది వేద్దామనుకుంటున్నాం. ఫోటో వేసేక క్లాసులు కూడా ఆ అమ్మాయే చెప్పాలి కదండీ. మీకేం లోటు చెయ్యమండి. జూన్ నుంచి గర్ల్స్ హాస్టలు చూసుకుందురు గాని. నీడపట్టున ఉండొచ్చు."

హాస్టలు చూసుకోవడమంటే పప్పులో నీళ్ళెన్ని పోశారో చూడటం. ఇరవై ఒక్క ఏళ్ళు గుండె నాలుగు గదుల గురించి చెప్పిన మనిషి ఇకనుంచి వంటగదికి కాపలా అన్నమాట!

సలోమిగారు ఏడవలేదు. "నెల్లాళ్ళు టైమివ్వండి సార్. కొత్త ఫోటో తీయించుకుని తెస్తాను. చూసి అప్పుడు చెప్పండి," అన్నారు.

అలా మొదలైంది క్రీము వేట.

ఇందులో ఒక చిక్కుంది. నాలుగు నెలల కిందట కాలేజీ లైబ్రరీలో ఓ సైన్సు పత్రికలో ఆవిడ ఒక వ్యాసం చదివారు. మొహానికి రాసే క్రీములను ముందు కుందేళ్ళ కళ్ళల్లో వేసి చూస్తారట. కుందేలు కంట్లో నీరు తక్కువ ఊరుతుంది కనక మందు కారిపోకుండా నిలుస్తుందట. ఆ ముక్క చదివాక సలోమిగారికి రెండు పూటలు అన్నం సయించలేదు. ఏళ్ళ తరబడి కప్పల్ని కోయించిన మనిషికి ఇదేం సున్నితం అంటారా? కప్పను పాఠం కోసం కోశారు, ప్రతిసారీ మనసులో క్షమాపణ చెప్పుకునే కోశారు. తన బుగ్గ నునుపు కోసం ఇంకో ప్రాణి కళ్ళు పోగొట్టుకోవడం మాత్రం ఆవిడ లెక్కలో పాపం.

కాబట్టి కావలసింది ముడతలు పోగొట్టేది, ఏ జంతువునూ ఏడిపించనిది, లెక్చరరు జీతానికి అందేది. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముంది? మూడే కదా!

మొదట అమలాపురంలో వెంకటరాజు ఫ్యాన్సీ షాపుకు వెళ్ళారు.

"ఆయ్! రండి మేడమ్ గారూ. వయసు తగ్గించేదాండీ? బ్రహ్మాండమైంది వచ్చిందండి. పదిహేను రోజుల్లో పదేళ్ళు తగ్గిపోద్దండి."

"ఇది జంతువుల మీద పరీక్షించి చేసిందా?"

వెంకటరాజు నొచ్చుకున్నాడు. "ఎంత మాటండీ! జంతువులకి మేం అమ్మమండి. మా ఖాతాదార్లంతా మనుషులేనండి."

"అది కాదు బాబూ. తయారు చేసేటప్పుడు కుందేళ్ళ కళ్ళల్లో వేసి..."

"కుందేలాండీ? ముందే చెప్పొద్దూ!" అని నిచ్చెనెక్కి పై అరలోంచి పసిపిల్లల పౌడరు డబ్బా ఒకటి దింపేడు. "ఇదిగోనండి కుందేలు. ఎలా నవ్వుతోందో చూడండి. దానికేమన్నా కష్టం ఉందంటారా?"

డబ్బా మీది కుందేలు నిజంగానే హాయిగా ఉంది. సలోమిగారు ఒక తలదువ్వెన కొనుక్కుని బయటపడ్డారు. ఊరికే వచ్చేస్తే బాగుండదు కదా!

తరవాత నాలుగు కంపెనీలకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాశారు. మీరు జంతువుల మీద పరీక్షలు చేస్తారా, చెయ్యరా, దయచేసి తెలుపగలరు అని. ఒక కంపెనీ రంగుల క్యాలెండరు పంపింది. ఒకరు తూర్పుగోదావరి జిల్లాకు డీలర్‌షిప్ తీసుకోమని దరఖాస్తు పంపారు. మూడో వారు, "డియర్ సర్, మా కోళ్ళ దాణాపై మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు" అన్నారు. నాలుగో కంపెనీ ఏమీ అనలేదు. నలుగురిలోకీ నిజాయితీపరులు వారేనని నా అభిప్రాయం.

అయినా ఆవిడ ఊరుకోలేదు. బస్టాండు పక్క నెట్ సెంటర్లో గంట కూర్చున్నారు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చాక, దొరికింది! విదేశీ కంపెనీ. సీసా మీద గెంతుతున్న కుందేలు గుర్తు. ఏ ప్రాణికీ హాని చెయ్యలేదని ప్రమాణం. బొటనవేలంత సీసా. ధర మన రూపాయల్లోకి మార్చి చూస్తే ఆవిడ నెల జీతంలో సగం. తెప్పించుకునే ఖర్చు వేరే.

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి! ప్రాణిని హింసించి చేసింది చవక. హింసించకుండా చేసింది ఖరీదు. దయగా ఉండే శ్రమంతా డబ్బున్నవాళ్ళే నెత్తినేసుకున్నారు. మామూలు జీతాల వాళ్ళకు మనస్సాక్షి బరువు కూడా ఎందుకని కాబోలు!

ఇక మిగిలింది వంటిల్లు. పక్కింటి విజయకుమారి గారు శనగపిండి, మీగడ, తేనె కలిపి రాయమన్నారు. సలోమిగారు తొమ్మిది రోజులు రాసుకున్నారు. పదో రోజు తెల్లారేసరికి దిండు మీద చీమలు బారులు తీరాయి.

"ఏవే, క్రీముకి చీమల మీద పరీక్ష పెట్టినా పాపమేనా?" అన్నారు స్టీఫెన్ గారు.

"మీకు వేళాకోళంగా ఉంది. నా క్లాసులు పోతున్నాయి ఇక్కడ!" అన్నారు ఆవిడ. స్టీఫెన్ గారు నవ్వు ఆపేసి, దిండు గలీబు తీసి తనే ఉతికి ఆరేశారు.

ఆ సాయంత్రం ఆయనే ఒక కబురు తెచ్చారు. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే మంగాయమ్మ అని ఒకావిడ ఉందట. రేషన్ కార్డులో అరవై ఆరు ఏళ్ళట. మనిషిని చూస్తే యాభై దాటినట్టు ఉండదట. ఏం రాసుకుంటుందో ఎవరికీ చెప్పదట!

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ రెండు బస్సులు మారి ఆత్రేయపురం వెళ్ళారు. మంగాయమ్మ అరుగు మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కుండ కింద కొబ్బరాకుల మంట. పిండినీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగి, పల్చటి రేకును వేళ్ళతో లేపుతోంది. మనిషి నిజంగానే అరవై ఆరులా లేదు.

సలోమిగారు పావుకిలో పూతరేకులు కొని, మెల్లగా సంగతి చెప్పారు. మంగాయమ్మ చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మీరు ఆఫీసోళ్ళు కాదు కదమ్మా?"

"కాదండీ. టీచర్నండి."

"అయితే చెప్తాను. నాకు యాభై ఒకటేనమ్మా. ముసలాళ్ళ పింఛను వస్తాదని మా మరిది కార్డులో పదిహేనేళ్ళు ఎక్కించేడు. ఇప్పుడు ఎంక్వయిరీకి మనిషొస్తాడంటన్నారు. పొద్దుట్నించీ ఈ సెగలో కూర్చున్నా పాడు ముడతలు చాలట్లేదు!" మంగాయమ్మ సలోమిగారి మొహంలోకి ఆశగా చూసింది. "మీకివి ఎలా వచ్చేయమ్మా? ఏం రాసేరు?"

ఆ క్షణంలో సలోమిగారికి వచ్చిన నవ్వు రాజోలు చేరేదాకా ఆగలేదు. బస్సులో జనం తిరిగి చూస్తున్నా ఆగలేదు. నవ్వి నవ్వి, రావులపాలెం దాటాక, కళ్ళు తుడుచుకున్నారు. ఒకావిడకు పోవాలి, ఒకావిడకు రావాలి. ఇద్దరి తిప్పలూ అన్నం కోసమే.

గడువు రానే వచ్చింది. మొహానికి కాస్త కొబ్బరినూనె రాసి తుడుచుకుని, ఆవిడ బుజ్జిబాబు స్టూడియోకు వెళ్ళారు. బుజ్జిబాబు కూడా ఒకప్పుడు ఆవిడ దగ్గర బొద్దింక జీర్ణవ్యవస్థ గీసినవాడే. మార్కులు రాకపోయినా బొమ్మ మాత్రం బాగా గీసేవాడు. కొత్తగా కంప్యూటరు కొన్నాడు.

సంగతి విని, "క్రీములెందుకు మేడమ్! మౌసు చాలండి," అన్నాడు.

సలోమిగారు ఉలిక్కిపడ్డారు. "ఎలకల మీద కూడానా?"

"అయ్యో, ఇదండీ!" అని తీగ తోక ఉన్న ప్లాస్టిక్ ఎలకను చూపించాడు. తెర మీద ఆవిడ ఫోటో పెట్టి ఒక్కో గీతా తుడుస్తూ పోయాడు. నుదురు చదునైంది. పెదవుల పక్క గుంటలు పూడాయి. ఎడమ కన్ను పక్కన మాత్రం కుడి వైపు కంటే రెట్టింపు గీతలున్నాయి.

"ఇదేంటండీ, ఈ పక్క ఎక్కువున్నాయి?"

"మైక్రోస్కోపు, నాయనా. కుడికన్ను పెట్టి చూసేటప్పుడు ఎడమకన్ను మూస్తాం కదా. ఇరవై ఒక్క ఏళ్ళు."

బుజ్జిబాబు మౌసు వదిలేశాడు. "తీసెయ్యమంటారా?"

సలోమిగారు తెర దగ్గరికి వంగి ఆ గీతల్ని చూశారు. "తీసెయ్యి. ఏ కుందేలుకూ నొప్పి లేదు కదా," అన్నారు చివరికి.

వెళ్ళబోతూంటే బల్ల మీద ప్రభాకరరావుగారి ఫోటో కనిపించింది. అది కూడా పాంప్లెట్ కోసమే. నుదుటి మీద మూడు గీతలు స్పష్టంగా ఉన్నాయి.

"ఈయనవి తుడవలేదేం?"

"వద్దన్నారండి. కళ్ళ కింద సంచులు తీసి, నుదుటి గీతలు ఇంకాస్త ముదురు చెయ్యమన్నారు. అనుభవం కనపడాలటండి."

ఆవిడ ఆ ఫోటోను చాలాసేపు చూశారు. తన ఫోటోను పర్సులో పెట్టుకుని బస్సెక్కారు. ఇంట్లో చూపిస్తే స్టీఫెన్ గారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవరే ఈ అమ్మాయి? మనకు చుట్టమా?" అన్నారు పాపం, నిజంగానే.

ప్రభాకరరావుగారికి మాత్రం ఫోటో తెగ నచ్చింది. "ఇదీ ఫేసంటే! క్లాసులు మీరే చెప్పండి మేడమ్. హారికకి ల్యాబ్ ఇద్దాం," అన్నారు. పాంప్లెట్లు అచ్చై అంతర్వేది దాకా పంచారు.

జూన్ మొదటివారంలో అడ్మిషన్లకు ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో పాంప్లెట్. ప్రభాకరరావుగారి పక్కన కూర్చున్న సలోమిగారిని చూసి, వినయంగా వంగి అడిగాడు.

"అమ్మా, ఈ ఫోటోలో జువాలజీ మేడమ్ గారు మీ అమ్మాయిగారాండీ?"

ప్రభాకరరావుగారు దగ్గారు. సలోమిగారు కళ్ళు కూడా ఆర్పకుండా, "ఆయ్, అలాంటిదేనండీ. పాఠం మాత్రం నేనే చెబుతాను," అన్నారు.

ఆ తండ్రి మొహం వికసించింది. "బతికించేరండి! అదే అడుగుదామని వచ్చేనండి. మా ఆవిడ ఈ ఫోటో చూసి, ఇంత చిన్నపిల్లేం చెప్తాది, మొహం మీద ఒక్క గీతన్నా లేదు, పిల్లని వేరే కాలేజీలో వేసెయ్యమందండి. మా వీధిలో ఇంకో ముగ్గురు కూడా అలాగే అనుకుంటన్నారు. ఇప్పుడే వెళ్ళి చెప్తానండి!"

మర్నాడు పొద్దున్నే ప్రభాకరరావుగారు బుజ్జిబాబు స్టూడియో మెట్లెక్కారు. పాంప్లెట్ మళ్ళీ అచ్చు వేయించాలి, సలోమి మేడమ్ గారి మొహం మీద తీసేసిన గీతలు తిరిగి పెట్టాలి, ఎంత తీసుకుంటావు అని అడిగారు.

బుజ్జిబాబు తల గోక్కున్నాడు.

"తియ్యడమైతే ఎంతసేపండీ, నిమిషం పని. పెట్టడానికి మాత్రం ఇరవై ఒక్క ఏళ్ళు పడతాదండి. అంత తొందరైతే, వెళ్ళి ఆవిణ్ణే బతిమాలుకోండి. అసలు సరుకు ఆవిడ దగ్గరే ఉందండి!"