వినోద్ కుమార్ గారి విజయవంతమైన ఎగ్జిట్

ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఆ మనిషినే అడగాలి! ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లోకంలో లేదని నా నిశ్చితాభిప్రాయం.

పాతకాలంలో ఎంత అవస్థ! ఒకడి గురించి ఆరా తీయాలంటే వాడి వీధికి వెళ్లాలి, పక్కింటివాళ్లను పలకరించాలి, వాళ్లిచ్చే పుల్లమజ్జిగ తాగాలి. ఇప్పుడా బాధ లేదు. ఎవరి ఘనత వాళ్లే ప్రొఫైల్లో రాసిపెడుతున్నారు. వాళ్ల గురించి వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

ఈ విద్యలో నా ప్రావీణ్యం ప్రొద్దుటూరులో మా వీధికంతా తెలుసు. అందుకే పోయిన నెల మసరత్ మా ఇంటికొచ్చింది. మా వీధి చివర పద్దెనిమిదేళ్లుగా మగ్గం వర్కు చేస్తూ జాకెట్లు కుట్టే షాపు ఆమెది. ఎనిమిదిమంది ఆడవాళ్లు ఆమె దగ్గర పనిచేస్తారు.

“అన్నా, పులివెందుల నుంచి వినోద్ కుమార్ అని ఒకాయన వచ్చినాడు. ‘కుట్టుబండి’ అని స్టార్టప్ పెట్టినాడంట. ఇంటికే వచ్చి కొలతలు తీసుకుంటారంట. నేను షాపు మూసేసి, అందరినీ తీస్కోని ఆయన కాడ చేరాలంట. ఎట్లాంటోడో నీ ఫోన్లో చూసి చెప్పు. ఇది నా ఒక్కదాని బతుకు కాదు.”

బాధ్యత గుర్తించి కళ్లద్దాలు తుడుచుకున్నాను. రెండు రోజులు పరిశోధించాను.

ఏమి మనిషండీ! ఐదు వెబ్‌సైట్లలో ఐదు వార్తలు. ఐదింటిలోనూ ‘విప్లవం’ అనే మాట ఒకే రకంగా తప్పు పడింది. ఇంతటి ఏకాభిప్రాయం ఇంకెక్కడ దొరుకుతుంది? గంటసేపు సాగే ఇంటర్వ్యూ కూడా చూశాను. ప్రశ్నలు వేసినవాడు ఆయన కాలేజీ రూమ్మేటు. స్నేహితుడు అబద్ధం చెబుతాడా?

అవార్డు కూడా ఉంది. ఇచ్చిన సంస్థ వెబ్‌సైటుకు వెళితే నన్నూ ఫారం నింపమంది. నింపాను. సాయంత్రానికల్లా నేనూ ఫైనలిస్టునే! ప్రతిభను ఇంత త్వరగా గుర్తించే దేశం వెనకబడుతుందా?

అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇది: ‘వేములలో ఆగ్రో ప్రాసెసింగ్ వెంచర్, విజయవంతమైన ఎగ్జిట్.’

“నిశ్చింతగా చేరిపో” అన్నాను.

“ఎగ్జిట్ అంటే ఏందన్నా?”

“కంపెనీని గొప్పగా అమ్మి బయటికి రావడం.”

“ఎవరికి అమ్మినాడు?”

అది ప్రొఫైల్లో లేదు. గొప్పవాళ్లు అనవసరమైన వివరాలు రాయరు.

మసరత్‌కు అంత ఆధునికత లేదు. మర్నాడే ముద్దనూరు మీదుగా బస్సులో నన్ను వేములకు లాక్కెళ్లింది. రెండు అంగళ్లలో అడిగేసరికి, ఆ వెంచర్‌లో పనిచేసిన లీలమ్మ ఇల్లు చూపించారు. ఆమె ఇప్పుడు ఒక హాస్టల్లో వంట చేస్తోంది.

“ఎగ్జిట్టా? నిజమేనప్పా! తాళమేసి అందరమూ ఎగ్జిట్ అయితిమి!” అని లీలమ్మ పడీపడీ నవ్వింది.

అది అరటికాయ చిప్సు యూనిట్టట. తెచ్చిన మిషను ముక్కల్ని మందంగా కోసేదట. చిప్సు దూదిలా మెత్తగా వచ్చేవట. పద్నాలుగు నెలలకే మూతపడింది.

నేను కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాను. మసరత్ ముఖం వాడిపోయింది.

“మిమ్మల్ని నడీదిలో ఇడిసిపెట్టి పాయనా?” అని మెల్లగా అడిగింది.

“యాడికి పోతాడు? పనిచేసిన పదకొండుమంది ఇండ్లకూ తిరిగినాడు. ‘మిషను నేనే తప్పుది తెస్తినమ్మా’ అని ఈ గడపలోనే కూచోని ఏడ్చినాడు. నన్ను బండి మీద ఎక్కించుకోని పోయి ఈ పని ఇప్పిచ్చినాడు. అందరికీ ఏదో ఒక దోవ చూపిచ్చినాకనే ఊరు ఇడిసినాడు. శానా మంచోడమ్మా. ఆ మిషన్ల సంగతే తెలీదు!”

తిరుగుబస్సు ప్రొద్దుటూరు చేరేదాకా మసరత్ ఆగలేదు. పులివెందులలో దిగి నేరుగా వినోద్ కుమార్ ఆఫీసుకు నడిచింది.

“వేముల సంగతి ఎందుకు దాచినావు?”

ఆ విజనరీ ముఖం తెల్లబోయింది. “ఓడిపోయినానని రాస్తే నన్నెవరు నమ్ముతారక్కా?”

“నేను నమ్ముతా. నీ ఎగ్జిట్టును చూసి కాదు, లీలమ్మను చూసి. షాపు మాత్రం మూయను. నీ పని నా షాపులోనే కుడతాం. మిషన్లు ఏవి కొనాల్నో నేను చెప్తా. ముందు ఆ రాసిండేది సరిచెయ్యి.”

ఆయన ప్రొఫైల్ తెరిచి పాత వాక్యం చెరిపేశాడు. తర్వాత మా ముందే టైపు చేశాడు: ‘వేములలో చిప్సు యూనిట్టు పెట్టాను. పనికిరాని మిషను కొన్నాను. పద్నాలుగు నెలలకు మూసేశాను.’ చేసి, పెద్ద బరువు దించుకున్నవాడిలా నిట్టూర్చాడు.

ఇప్పుడు మసరత్ షాపుకు జమ్మలమడుగు నుంచి కూడా జాకెట్లు వస్తున్నాయి. ఎనిమిదిమందీ చేతినిండా పనితో ఉన్నారు.

పబ్లిక్ సోర్సుల మీద నా నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు! ఆ మూడు వాక్యాల కింద ఆ రోజు సాయంత్రానికల్లా రెండువందల పైచిలుకు పెద్దమనుషులు స్పందించారు. అందరిదీ ఒకటే మాట: ‘కంగ్రాట్స్ సర్! ఇన్‌స్పైరింగ్ జర్నీ!’

ఇద్దరు మాత్రం శ్రద్ధగా చదివినట్టున్నారు. ఆ మిషను ఎక్కడ దొరుకుతుందని అడిగారు.