డెల్బర్ట్ బిగించిన సుఖాలు

ఆ శనివారం పొద్దున డెల్బర్ట్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భార్య ఐరిన్‌ని తన రెండు సీట్ల బుల్లి విమానంలో ఎక్కించుకుని, పక్క కౌంటీ ఎయిర్‌ఫీల్డ్‌లో పెట్టే పాన్‌కేకుల ఫలహారానికి ఎగిరి వెళ్ళి, కడుపారా తిని తిరిగి రావడం. మా అయోవాలో విమానం ఉన్న ప్రతివాడూ వేసవి శనివారాల్లో చేసే పనే ఇది. ఇంట్లో పాన్‌కేకులు చేసుకోలేక కాదు. అంత దూరం ఎగిరి వెళ్ళి తింటే ఆ రుచే వేరు.

ఐరిన్‌కీ పైలట్ లైసెన్సు ఉంది, గడువు తప్పకుండా చూసుకుంటుంది కూడా. అయినా విమానం కొన్ననాటి నుంచీ ఎడమ సీటు మొగుడిది, కుడి సీటు ఆవిడది. ఒక్కసారైనా ఎడమ సీట్లో కూర్చుని తనే నడపాలని ఆవిడకు ప్రాణం కొట్టుకునేది. కానీ ఆ మాట డెల్బర్ట్ నోటే రావాలని పంతం. అందుకని అడక్కుండా సూచనలు వదిలేది.

"ఈ సీట్లోంచి నాకేం కనపడట్లేదు, డెల్."

డెల్బర్ట్ ఆ సీటుకు మందపాటి మెత్త బిగించాడు.

"ఊరికే చేతులు ముడుచుకుని కూర్చుంటే విసుగొస్తోంది."

కాఫీ కప్పు స్టాండు వచ్చింది. దాని వెనకే పాటలకు స్పీకర్లు వచ్చాయి.

"ఎంతసేపూ నువ్వేనా? అలసట రాదూ నీకు?"

పెళ్ళాం ప్రేమకు డెల్బర్ట్ కరిగిపోయాడు. తన సీటుకు వీపు ఒత్తే యంత్రం పెట్టించుకున్నాడు.

ఆ తరవాత చెయ్యి ఆగితేనా! కాళ్ళ కింద తివాచీ, వెనక సామాన్ల అర, ఆ అరకు చెక్క తలుపు. విమానం చేసిన కంపెనీని అడక్కుండా ఏదీ మార్చకూడదు కనుక ప్రతిదానికీ అడిగాడు. వాళ్ళూ సరేనన్నారు. "అన్నీ అయ్యాక మళ్ళీ తూకం వెయ్యండి" అన్న ముక్క మాత్రం అతని చెవికెక్కలేదు.

తీరా ఆ శనివారం బయల్దేరదామని విమానం పెట్టే హ్యాంగర్ తలుపు తీసేసరికి పక్క హ్యాంగర్ గస్ కాఫీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఈ ఎయిర్‌ఫీల్డ్‌లో విమానాలు తనిఖీ చేసేది అతనే.

"ఒరే డెల్, ఇది విమానమా, మీ ఇంటి హాలా? తూకం వేశావా?"

"మెత్తకీ కప్పుకీ తూకమేంట్రా!"

గస్ వినలేదు. మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టాడు. లెక్క చూశాడు. తరవాత తీరిగ్గా డెల్బర్ట్ పొట్ట వైపు చూశాడు.

"ఈ బరువు మీద ఇక ఒక్కరే ఎక్కాలి. ఆ ఒక్కరూ నువ్వు కాదు."

"పెట్రోలు కాస్త తోడేస్తే?"

"నిన్ను మోసేంత తోడేస్తే రన్‌వే చివరిదాకా వెళ్తావు. పాన్‌కేకులు అక్కడ పెట్టట్లేదురా."

డెల్బర్ట్ తివాచీ పట్టుకుని లాగాడు. అది కదల్లేదు. రెండు కాళ్ళూ తన్నిపట్టి లాగాడు. మనిషి వెల్లకిలా పడ్డాడు గానీ తివాచీ ఉన్నచోటే ఉంది.

"జన్మలో ఊడని జిగురని వెతికి మరీ కొన్నావుగా" అన్నాడు గస్.

డెల్బర్ట్ లేచి చూసేసరికి ఐరిన్ ఎడమ సీట్లో ఉంది. చేతిలో కాఫీ కప్పు స్టాండులో పెట్టింది. వీపు ఒత్తే యంత్రం మీట నొక్కి, "అబ్బ!" అని కళ్ళు మూసుకుంది.

"నడపాలనుంటే ఒక్కసారి నన్ను అడగొచ్చుగా, ఐరిన్!"

"అడిగినప్పుడల్లా ఏదో ఒకటి బిగించావు కదయ్యా!"

డెల్బర్ట్ ముఖం మాడిపోయింది. చివరికి తనే రెక్క పట్టుకుని విమానాన్ని బయటికి తోశాడు. ఐరిన్ ఆకాశంలోకి లేచింది. గాల్లో ఒక చుట్టు ఎక్కువే కొట్టింది. కింద నిలబడి చూస్తున్న మొగుడికి, ఎంత బాగా నడుపుతోందో అని గర్వం, తను కింద ఉన్నానే అని ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చాయి.

అతను పికప్ ట్రక్కులో పడుతూ లేస్తూ అక్కడికి వెళ్ళేసరికి పాన్‌కేకులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి తిండి తగ్గిస్తాను. వచ్చే శనివారానికి నేనే ఎగురుతా చూడు" అన్నాడు రోషంగా.

ఐరిన్ అతని ప్లేటులో ఇంకో రెండు పాన్‌కేకులు వేసి, వెన్న దట్టంగా పూసింది.