మా బావమరిది చేసిన బోల్టు

ఫ్యాక్టరీలు మూతబడటం కంటే రాష్ట్రానికి మేలు చేసేది మరొకటి లేదు! కోప్పడకండి, ముందు నా మాట వినండి.

మా ఊళ్లో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. తెల్లారకముందే సైరన్ మోగించి ఊరందరి నిద్ర చెడగొట్టేది. షిఫ్టు దిగిన జనంతో టీకొట్టు, టైలర్ షాపు, సైకిల్ షాపు కిటకిటలాడేవి. మాలాంటి పెద్దమనుషులకు నిలబడే చోటైనా ఉండేదా? ఇప్పుడు టీకొట్టులో బెంచీలన్నీ ఖాళీ. కాళ్లు చాపుకుని ఆర్థికాభివృద్ధి గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు!

ఫ్యాక్టరీని గాలికొదిలేశారనుకుంటున్నారా? రంగులేసి, అద్దాలు బిగించి 'పారిశ్రామిక అనుభవ కేంద్రం' చేశారు. టికెట్ కొని లోపలికెళ్తే, పనివాళ్లు పనిచేస్తున్నట్టు నటిస్తారు. మా ఆవిడ తమ్ముడు ఏళ్ల తరబడి అక్కడే ఇనుము చెక్కే లేతు మెషిన్ మీద పనిచేశాడు కాబట్టి ఆ వేషం అతనికే దక్కింది. అదే మెషిన్, అదే నీలం చొక్కా. ఇనుము మాత్రం ఉండదు. ఉత్తి మెషిన్ గిర్రున తిరుగుతుంటే అతను నుదుటి చెమట తుడుచుకోవాలి. చెమట పట్టదు కదా, అందుకని స్ప్రే బాటిల్ ఇచ్చారు. ఇంతకంటే సుఖమైన ఉద్యోగం ఉంటుందా?

అయినా పాత బుద్ధి పోనిస్తాడా! మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, నేను కాలమ్ రాసే కుర్చీలో కూర్చున్నాడు. అది ఊగింది. బోల్టు అరిగిపోయిందని, బజారంతా తిరిగినా ఆ సైజు దొరకలేదని, షాపువాళ్లు కొత్త కుర్చీ కొనుక్కోమన్నారని చెప్పాను. అతను వంగి చూసి, వేలితో కొలుచుకుని వెళ్లాడు.

మర్నాడు, సందర్శకులు ఫొటోలు తీసుకుంటుండగానే, ఎక్కడినుంచో ఓ ఇనుప ముక్క తెచ్చి లేతుకు బిగించి నిజం బోల్టు చేసేశాడు! పిల్లలు చప్పట్లు కొట్టారట. మేనేజర్ మాత్రం పరుగెత్తుకొచ్చి, "ఇదేమన్నా ఫ్యాక్టరీ అనుకున్నావా?" అని ఆ పూటే పని మాన్పించేశాడు. వస్తువు తయారు చేయడమే అతని మీద మోపిన నేరం.

సాయంత్రం వచ్చి, కుర్చీకి బోల్టు బిగించాడు.

"చేతికి పని గుర్తుంది బావా. ఉద్యోగమే పోయింది," అన్నాడు.

ఇంకెక్కడైనా చూసుకోమందామంటే, వస్తువు చేసే చోటు చుట్టుపక్కల మరొకటి లేదు. మా ఆవిడ ఆ సాయంత్రం నుంచి నాతో మాట్లాడటం లేదు.

కాబట్టి పాఠకులారా, ఫ్యాక్టరీలు మనకు అక్కర్లేదు. ఈ మాట బల్లగుద్ది రాస్తున్నాను. ఎంత గట్టిగా గుద్దినా కుర్చీ కొంచెం కూడా ఊగడం లేదు.