పదకొండు రేకుల టోకెన్

ఆ రోజు పొద్దున్న టోకెన్లావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాత్రిళ్ళు ఇంట్లో గీసుకునే పువ్వుల్ని ఇవాళ ఆస్పత్రిలో తనిచ్చే టోకెన్ల మీద కూడా గీద్దామని, అంతే. మనసు కుదుటపడాలంటే పువ్వులు గీసుకోమని చెల్లెలు ఫోన్లో ఒక వీడియో పంపింది. నడుమ ఓ చిన్న సున్నా, చుట్టూ తోచినన్ని రేకులు, కింద ఓ తీగ వంపు. వంకరపోయినా ఫర్వాలేదు, పువ్వన్నాక ఆ మాత్రం వంకర ఉంటుంది. వీడియో పంపడంతో తన బాధ్యత తీరిపోయిందనుకుందో ఏమో, చెల్లెలు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ఆవిడ ఒంటరి మనిషి. ఇంటికి వెళ్తే పలకరించే దిక్కు లేదు. ఆస్పత్రిలో రోజంతా చుట్టూ మనుషులే, కానీ అందరూ అద్దానికి అటువైపు. అద్దంలోని కన్నంలోంచి పేరూ వయసూ లోపలికి వస్తాయి, టోకెన్ బయటికి వెళ్తుంది. ఏళ్ళ తరబడి అంతకుమించి ఒక్క మాట ఆ కన్నం దాటలేదు. ఎవరైనా ఓ నిమిషం నిలబడి మాట్లాడితే బాగుండునని ఆవిడకి ప్రాణం కొట్టుకునేది.

అందుకని వచ్చినవాళ్ళు వివరాలు చెప్పేలోగా అంకె పక్కన ఓ పువ్వు గీయడం మొదలుపెట్టింది. గడగడా చెప్పేసే కుర్రాళ్ళకి నాలుగు రేకులు పడ్డాయి. వయసు గుర్తురాక నసిగే పెద్దవాళ్ళకి తొమ్మిదీ పదీ పడ్డాయి. చెవులు సరిగా వినపడని ఒక పెద్దావిడ పేరు చెప్పేసరికి పదకొండు పూర్తయ్యాయి.

హాల్లో ఆ పూట రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండటం ఆవిడ ఖర్మ.

"మీకెన్ని రేకులండీ?" అన్నాడాయన పక్కవాడి టోకెన్‌లోకి తొంగిచూసి.

బెంచీ బెంచీకీ తిరిగి అందరి రేకులూ లెక్కపెట్టాక మాస్టారి మొహం వెలిగిపోయింది. "దగ్గొచ్చిన కుర్రాడికి నాలుగు. గుండెదడ తాతగారికి తొమ్మిది. జబ్బెంత పెద్దదైతే అన్ని రేకులన్నమాట! మనకి చెప్పకుండా డాక్టరుగారికి చేరేసే ఏర్పాటిది."

"టోకెన్ ఇచ్చేసరికి డాక్టరుగారు మనల్ని చూడనైనా చూడరు కదండీ?"

"అదే మరి! ఆవిడ అనుభవమేమన్నా తక్కువా? మొహం చూసి చెప్పేస్తుంది."

ఆ మాట హాలంతా పాకింది. కాసేపటికి నడివయసాయన ఒకడు చేతులు కట్టుకుని అద్దం ముందుకొచ్చాడు. "అమ్మా, నాకు ఆరు వేశారు. పర్లేదంటారా?"

తన పువ్వు గురించి ఒకరు అడగడం అదే మొదటిసారి. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. "ఆరేనా? ఇలా ఇవ్వండి, ఇంకో రెండు వేసిస్తాను" అంది ప్రేమగా.

ఆయన గోడ పట్టుకుని వెళ్ళి బెంచీమీద కూలబడ్డాడు. ఆయన్ని చూసి మరో నలుగురు అద్దం దగ్గరికి పరుగెత్తారు. ఆవిడ పొంగిపోయి, అడిగినవాళ్ళకల్లా రేకులు పెంచింది. కొందరికి ఆకులూ మొగ్గలూ కూడా పడ్డాయి.

ఈలోగా పదకొండు రేకుల పెద్దావిడ ఇంటికి కబురు వెళ్ళింది. ఒకరి మొహం ఒకరు చూసుకోని ముగ్గురు కొడుకులు భార్యలతో సహా ఒకే ఆటోలో దిగారు. పెద్దకోడలు గుమ్మంలోనే అందుకుంది ఏడుపు. ఆవిడ ఏడ్చాక తాము ఊరుకుంటే బాగోదని మిగతా ఇద్దరు కోడళ్ళూ గొంతు కలిపారు. తన గురించేనని తెలియక పెద్దావిడ కూడా వాళ్ళతో కలిసి కన్నీళ్ళు పెట్టుకుంది.

"ఏంటీ గోల?" అంటూ డాక్టరు బయటికొచ్చాడు. మాస్టారు లేచి తన సిద్ధాంతం వివరంగా విన్నవించాడు. డాక్టరు తల పట్టుకుని, "ఆవిడకి చెవిలో గుబిలి తప్ప ఏమీ లేదయ్యా!" అని అరిచాడు. తర్వాత అద్దం వైపు తిరిగాడు. "ఏమ్మా, ఉద్యోగం చెయ్యాలని ఉందా, లేదా?"

"ఏం తోచక గీశానండీ" అందావిడ. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాతో ఒక్కళ్ళూ మాట్లాడరు."

డాక్టరు చూపు తిప్పుకున్నాడు. "సరే, రేపట్నుంచి మాత్రం పువ్వులు మానెయ్యండి" అని లోపలికెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారికి వట్టి అంకె ఉన్న టోకెన్ దక్కింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పాలిపోయాడు. "నాకు పువ్వే లేదు! అంటే లెక్కకే అందనంత ముదిరిందా?" పక్కవాడూ తన టోకెన్ చూసుకున్నాడు. హాలంతా లేచి నిలబడింది.

మధ్యాహ్నానికి డాక్టరు కొత్త ఆజ్ఞ జారీ చేశాడు. అందరికీ పువ్వు, తలా అయిదు రేకులు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. దాంతో గొడవ చల్లారింది. అందరి పువ్వూ ఒకటే అయ్యాక అద్దం దగ్గర అడగడానికీ ఏమీ మిగల్లేదు. పేరూ వయసూ లోపలికి, పువ్వు బయటికి. ఊరట కోసం పట్టుకున్న పని జీతానికి చేసే చాకిరీ అయింది. వారం తిరక్కుండా మణికట్టు వాచింది.

డాక్టరుకి చూపించుకోవాలంటే ఆవిడైనా వరసలో రావాల్సిందే. కాంపౌండరు అద్దం వెనక కూర్చుని, తనకి బొమ్మలు రావని, వట్టి అంకె వేసిచ్చాడు. ఆవిడ మొదటిసారి హాల్లో బెంచీమీద కూర్చుంది.

పక్కనున్న నడుంనొప్పి ఆవిడ ఆ టోకెన్ చూసి ఉలిక్కిపడింది. "అయ్యో, మీకు పువ్వే వెయ్యలేదేంటమ్మా! తోడెవరూ రాలేదా?"

"ఎవరూ లేరండీ."

"నేనున్నానుగా" అంటూ ఆవిడ దగ్గరికి జరిగి, వాచిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఎక్కడుంటారని అడిగింది, నిద్ర పడుతోందా అని అడిగింది, తన కోడలి మీద చాడీలు చెప్పింది, నవ్వించింది. కాంపౌండరు నంబరు పిలిస్తే, "నా వెనకవాళ్ళని పంపించండి" అంది టోకెన్లావిడ. అలా మూడుసార్లు అంది.

"నాకింకా వారం రోజులు ఇంజెక్షన్లున్నాయి. రేపూ వస్తారా?" అని అడిగింది నడుంనొప్పి ఆవిడ.

మర్నాడు పొద్దున్నకి మణికట్టు వాపు పూర్తిగా తగ్గిపోయింది. ఆ సంగతి టోకెన్లావిడ డాక్టరుకి చెప్పలేదు.