ఆయన పేరు మీద ఆవిడ నొప్పి

ఆగండాగండి, ఆ చేతిలో ఫోను కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. ఈ వీధి డాక్టరుగారి గొప్పతనం గురించి ఇంతవరకు ఎవరూ రాయకపోవడం మనందరికీ సిగ్గుచేటు. రోగి చెప్పులు విడిచే తీరు చూసే రోగమేమిటో చెప్పెయ్యగల మహానుభావుడాయన. ఆడవాళ్లైతే చెప్పులదాకా కూడా అక్కర్లేదు. రోజూ అదే మాట రాసి రాసి వేలు నొప్పెడుతోందని రబ్బరు స్టాంపు చేయించారు: "టెన్షన్. నీళ్లు తాగాలి. నడవాలి." వేలు మాత్రం ఆ రోజే స్పెషలిస్టుకి చూపించుకున్నారు. నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు కదా!

బజారు మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ చీటీల మీద ఆ స్టాంపు తొమ్మిదిసార్లు పడింది. ఎనిమిది నెలలుగా, భోంచేసిన గంటకల్లా కుడి డొక్కలో కత్తెర పెట్టి తిప్పినట్టు నొప్పి. మిషను మీదే వాలిపోయేది. ఒకసారి అలా వాలి, ఒక పెళ్లికొడుకు కోటు చేతిని తీసుకెళ్లి జేబుకి కుట్టేసింది.

"ఇక్కడండీ డాక్టరుగారూ, నొక్కితే ప్రాణం పోతోంది."

"నొక్కకమ్మా మరి," అన్నారాయన, స్టాంపుకి సిరా అద్దుతూ. "ఇంట్లో ఏమైనా గొడవలా?"

"లేవండీ."

"చూశావా, లోపలే దాచుకుంటున్నావు. టెన్షన్!"

పదోసారి వెళ్లే ఓపిక లేక మొగుణ్ని పంపింది. ఆయన లారీ డ్రైవరు, పది కిలోమీటర్లకి ఒక మాట మాట్లాడే మనిషి. కుడి డొక్క మీద చెయ్యి పెట్టి చూపించి, "ఇక్కడ నొప్పండి, ఎనిమిది నెలలుగా," అన్నాడో లేదో, డాక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఎనిమిది నెలలా! ఏం గుండెయ్యా నీది! మగాడు నోరు తెరిచి నొప్పన్నాడంటే అదెంత నొప్పయ్యుండాలి!"

స్కానింగుకి చీటీ రాసి, 'అత్యవసరం' అని, కింద రెండు గీతలు కొట్టారు.

"నాకు కాదండీ, మా ఆవిడకి."

"ఆమెకా?" డాక్టరుగారు కూర్చున్నారు. "నీ బాధ దాచుకోడానికి ఆమె పేరెందుకు చెబుతావు? వెళ్లు, ముందు స్కానింగు."

టైలరమ్మ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇటు తే," అని తీసుకుని తనే వెళ్లింది. స్కానింగు తీసే ఆయన పేరు చదివి ఆవిణ్ని చూశాడు, ఆవిణ్ని చూసి మళ్లీ పేరు చదివాడు.

"ఇది మీరేనా?"

"నొప్పి నాదే."

"సరే పడుకోండి, అత్యవసరమని ఉంది."

పిత్తాశయంలో నాలుగు రాళ్లు. ఒకటి దారికి అడ్డం పడింది, వాపొచ్చింది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. రిపోర్టు చదివించుకుని టైలరమ్మ ఏడ్చేసింది, సంతోషంతో. తనది నిజం నొప్పేనట!

మొగుడూ పెళ్లాం ఆ రిపోర్టు పట్టుకెళ్లి చూపిస్తే డాక్టరుగారూ పొంగిపోయారు. బయట కూర్చున్న ఆడవాళ్లందరికీ వినబడేలా ఉపన్యాసం అందుకున్నారు: "చూడండమ్మా, నాలుగు రాళ్లు మోస్తూ లారీ నడిపాడు! కిక్కురుమన్నాడా? సహనమంటే ఇదీ. ఇతన్ని చూసి నేర్చుకోండి!"

"అవి నా రాళ్లండీ," అంది టైలరమ్మ. "స్కానింగు నాకే తీశారు."

"పాపం, మొగుడి జబ్బు తనదే అనుకుంటోంది. టెన్షన్ ముదిరింది."

"నిజమేనండీ, ఆవిడవే," అన్నాడు డ్రైవరు.

"ఆహా! భార్యంటే ఎంత ప్రేమయ్యా నీకు!"

రేపు పొద్దున ఎనిమిదింటికి పెద్దాసుపత్రిలో ఆపరేషను. మంచం, మత్తుమందు, కత్తి, అన్నీ ఆయన పేరు మీదే సిద్ధం. ఆవిడ పేరు మీద కావాలంటే మళ్లీ ఈ డాక్టరుగారే చీటీ రాయాలి. అందుకే టైలరమ్మ మొగుడి చొక్కా ఒకటి తీసి, భుజాల దగ్గర రెండు అంగుళాలు లోపలికి కుట్టి వేసుకుంది.

"నమ్ముతారంటావా?" అంది, అద్దం ముందు నిలబడి.

"నువ్వు నోరు విప్పకపోతే నమ్ముతారు," అన్నాడాయన.

ఆ ఆసుపత్రి గుమ్మం దగ్గర పేర్లు రాసుకునేది మీరే అనుకోండి. పొద్దున్నే మగ చొక్కా వేసుకుని, డొక్క పట్టుకుని ఒకావిడ వచ్చి మీ ముందు నిలబడింది. మీరైతే ముందు ఏమడుగుతారు, నొప్పెక్కడనా, మొగుడెక్కడనా?