నెత్తురు సరిపోయిందా?

నెత్తుటి సినిమాలను తిట్టేవాళ్ళకు సంసారం సంగతి తెలియదని నా గట్టి అభిప్రాయం. తలలు తెగి, పేగులు బయటపడి, గోడలన్నీ ఎర్రబడే సినిమాను మించిన కుటుంబ కథాచిత్రం ఇంకొకటి లేదు! నవ్వకండి. సకుటుంబంగా వెళ్ళి, చూసొచ్చి మరీ చెబుతున్నాను.

ఈమధ్య విడుదలైన ఆ రంపం సినిమా గురించి మీరూ వినే ఉంటారు. మొదటి ఆటకు ఇద్దరు మూర్ఛపోయారట. సాయంత్రానికి ఆ ఇద్దరూ జనం నోళ్ళలో పదిమందయ్యారు. హాలు బయట అంబులెన్స్ నిలబెట్టారు. టికెట్టుతో పాటు వాంతి చేసుకోవడానికి ఓ కాగితం సంచీ కూడా ఇస్తున్నారు. ప్రేక్షకుల ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ప్రేమకథలు తీసేవాళ్ళు ఏనాడైనా చూపించారా?

ఈ సినిమాకు మా బావమరిది జీతం లేని ప్రచారకర్త. వాడిది రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. పొద్దస్తమానం జనం చేతుల్లోంచి రక్తం లాగి చిన్న చిన్న సీసాల్లో నింపుతుంటాడు. అలాంటివాడు కూడా గుడ్లు తేలేసి, "బావా, అది చూస్తే వారం దాకా ముద్ద దిగదు!" అన్నాడు.

పొట్ట తగ్గించుకోమని డాక్టరు నా వెంటపడుతున్న రోజులవి. పథ్యం లేదు, పరుగు లేదు, కుర్చీలో కూర్చుంటే చాలు ముద్ద దిగదు! ఇంతకంటే వరం ఏం కావాలి? వెంటనే అందర్నీ బయల్దేరదీశాను.

మా అత్తగారిని తీసుకెళ్ళాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆవేళ ఇంటికి రంగులు వేస్తున్నారు. ఆ వాసన ఆవిడకు పడదు. "హాల్లో ఏసీ ఉంటుందిగా, నేనూ వస్తా" అంటూ చెప్పులు వేసుకుంది.

"అమ్మా, అది నరుక్కునే సినిమా" అంది మా ఆవిడ.

"చిన్నప్పుడు నువ్వూ తమ్ముడూ కొట్టుకున్నదానికంటేనా?" అంది అత్తగారు. అక్కడితో వాదన ముగిసింది.

మధ్యాహ్నం ఆట. మేం సర్దుకుని కూర్చునే లోపే తెర మీద ఒక కుర్రాడి తల తెగి, మెట్ల మీద దొర్లుకుంటూ వచ్చింది. హాలంతా ఒక్కసారిగా... పాప్‌కార్న్ నమలడం మొదలుపెట్టింది! చెయ్యి తెగితే కరకర. కాలు తెగితే పరపర. మా ముందు వరుసలో ఒక పెద్దమనిషి, తెర మీద పేగులు జారుతుంటే, బర్గర్‌లోకి ఇంకాస్త సాస్ పిండుకుని, వెనక్కి తిరిగి "మరీ పల్చగా ఉందండీ" అన్నాడు. సాస్ సంగతో, నెత్తురు సంగతో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నా సంగతా? ఇంటర్వెల్ రాకుండానే నకనకలాడే ఆకలి!

మూర్ఛ లక్షణాలు కనిపించింది ఒక్క మా బావమరిదిలోనే. వాళ్ళక్క చున్నీ నెత్తిన కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని వణుకుతున్నాడు.

"ఒరేయ్, రోజూ చూసే రక్తమేగా?" అన్నాను.

"అక్కడ తీసేది నేను బావా! ఇక్కడ వాడెవడో తీస్తున్నాడు."

"మరి ముందే చూశానన్నావు?"

"చూశాను. ఇలాగే."

ఈ సినిమాకు అంత పేరెలా వచ్చిందో అప్పుడు తెలిసొచ్చింది. ఊరంతా చెప్పుకునేది కళ్ళు మూసుకున్నవాళ్ళు చూసిన సినిమా! తెర మీద బకెట్టు నెత్తురుంటే, మూసిన రెప్పల వెనక ట్యాంకరు నెత్తురు. నిర్మాతకు ఎంత ఆదా!

చిక్కల్లా కళ్ళు తెరుచుకుని చూసే మా అత్తగారితోనే వచ్చింది.

"ఇందాక చచ్చిపోయిన కుర్రాడు ఎవరబ్బాయండీ?" అని నన్నడిగింది.

"తెలీదు అత్తయ్యగారూ."

"వాళ్ళమ్మకు కబురు చేశారా?"

"సినిమాలో వాళ్ళమ్మ లేదండీ."

"అమ్మ లేకుండా ఎలా పుట్టాడు?"

ఈలోగా ఇంకో అమ్మాయి మీదకు రంపం లేచింది. ఆ పిల్ల హాలు దద్దరిల్లేలా అరుస్తోంది. "ఇంతగా అరుస్తుంటే పక్కింటివాళ్ళు తలుపు తీయరేం?" అంది అత్తగారు, గట్టిగానే. ముందు వరుస పెద్దమనిషి వెనక్కి తిరిగి "ష్!" అన్నాడు.

"మీకు పిల్లలున్నారా బాబూ?" అని అడిగింది ఆవిడ.

ఆయన ముందుకు తిరిగాడు. కాసేపటికి బర్గర్ పొట్లం కట్టి పక్కన పెట్టేశాడు.

చివరికి అందరూ చచ్చి ఒకే ఒక్క పిల్ల మిగిలింది. వానలో, చెప్పుల్లేకుండా, కుంటుకుంటూ రోడ్డు మీద నడుస్తోంది. దూరంగా రంపం చప్పుడు. అంతే, పేర్లు పడ్డాయి, లైట్లు వెలిగాయి. "నెత్తురు సరిపోలేదురా" అనుకుంటూ జనం లేచారు. బయట అంబులెన్స్ డ్రైవరు హాయిగా గురకపెడుతున్నాడట.

మా అత్తగారు లేవలేదు.

"సినిమా అయిపోయిందమ్మా" అంది మా ఆవిడ.

"సినిమా అయిపోయింది సరే. పిల్ల రోడ్డు మీదే ఉందిగా?"

చీపుళ్ళు పట్టుకుని ఊడ్చేవాళ్ళు వచ్చేశారు. మా బావమరిది చున్నీ తీసి, తల్లి ముఖం చూశాడు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. అంతసేపూ వణికినవాడు, ఆ క్షణంలో వణుకు మరిచిపోయి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

పాఠక మహాశయులారా! నెత్తురు పేరుకు తగ్గట్టే ఉందా అని అడుగుతారు. ఉంది, ధారాళంగా ఉంది. అంత నెత్తురు పోయగలిగినవాళ్ళకు తలుపు తీసే ఒక్క పొరుగువాడు గానీ, పోయినవాళ్ళ కోసం ఏడ్చే ఒక్క మనిషి గానీ దొరకలేదు కాబోలు. ఆ ఏడుపు పని కూడా మా అత్తగారే చేసిపెట్టింది, టికెట్టు కొనుక్కుని!

మర్నాడు పొద్దున్న ఈ వ్యాసం మొదలుపెడుతుంటే ఆవిడ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"మీరు పేపర్లో రాస్తారుగా బాబూ, ఆ డైరెక్టరుగారికో మాట రాయండి."

"ఏమని అత్తయ్యగారూ?"

"ఇల్లు చేరగానే ఆ పిల్లను ఒక్క ఫోను చెయ్యమనండి. ఎంత పొద్దుపోయినా సరే, నేను మేలుకునే ఉంటాను."