నొక్కేది లేని స్విచ్చి

పాఠకులారా, పాట పుట్టేది గొంతులోనో, హార్మోనియంలోనో అని చెప్పి ఇన్నాళ్లూ మీ చెవిలో పువ్వు పెట్టారు. పాట పుట్టేది నెట్‌వర్క్ స్విచ్చిలో! అదీ ప్రీమియం స్విచ్చిలో!

స్విచ్చి అనగానే గోడ వైపు చూడకండి. ఇది నెట్టు వైరులో వచ్చేదాన్ని ఒక బొక్కలోంచి తీసుకుని, ఇంకో బొక్కలోంచి స్పీకరుకు పంపే నల్ల డబ్బా. మామూలు డబ్బా కూడా ఆ పని చేస్తుంది. కానీ మాటకూ మాటకూ మధ్య ఉండే నిశ్శబ్దాన్ని శుద్ధి చేయడం దానికి చేతనవుతుందా? నేను కొన్నదానికి చేతనవుతుందని అట్టపెట్టె మీద రాసి ఉంది. రేటు చెప్పను. ఈ కాలమ్ మా ఆవిడ ఎలీసబెతు కూడా చదువుతుంది.

సంగతి విని పక్క క్వార్టర్ సారక్క చూడటానికి వచ్చింది. డబ్బాను నాలుగు వైపులా తిప్పి, నొక్కేది ఏడున్నదని అడిగింది. ఉండదన్నాను. నొక్కేది లేనిది స్విచ్చి ఎట్లయితదని ఆమె, అదే దాని గొప్పతనమని నేను! చివరికి నా మీద జాలిపడి, వాళ్లింట్లో మిగిలిన ఫ్యాను స్విచ్చి ఒకటి తెచ్చిచ్చి పోయింది. టకటకా నొక్కి చూశాను. శబ్దం బాగానే ఉంది గానీ, లోతు లేదు.

నెట్టు కనెక్షన్ ఇచ్చే సంపత్ మరీ అన్యాయం. "కాకా, వైర్ల పోయేటివి ఒకట్లు, సున్నాలు. వస్తే వస్తయి, లేకుంటే రావు. అండ్ల మంచి సున్నా, చెడ్డ సున్నా అని ఉండది" అన్నాడు. పాపం, అతని చెవులకు అంతే అందుతుంది. నావి బొగ్గు గని ఫ్యాన్ హౌస్‌లో, గనిలోకి గాలి ఆడించే ఇల్లంత ఫ్యాను పక్కన ముప్పై రెండేళ్లు సానబెట్టిన చెవులు. జమ్మికుంట యార్డులో పత్తిని వేళ్లతో లాగి రకం చెప్పేవాళ్లు లేరా? నేను సున్నాను విని రకం చెబుతాను. కుడి చెవితో చెబుతాను. ఎడమది నాకంటే ముందే రిటైరైంది.

చిక్కల్లా ఎలీసబెతుతో వచ్చింది. చొప్పదండి చర్చిలో చిన్ననాటి నుంచీ, పెళ్లయ్యాక మా చర్చిలో, ఎప్పుడూ వెనక వరుసలో నిలబడి పాడిన మనిషి. ఈసారి కోత పండుగకు మొదటిసారి ఒంటరిగా పాడమన్నారు. మూడు వారాలు వంటింట్లో ప్రాక్టీసు. ఒక్క చరణం ఇని చెప్పుండ్రి అని రోజూ అడిగేది. స్విచ్చి సెట్టవుతోంది, జర ఆగమనేవాడిని. ఐదు వందల గంటలు నడిస్తే గానీ దాని అసలు పనితనం బయటపడదని అట్టపెట్టె మీద ఉంది మరి!

పండుగ ఆదివారం అందరూ చర్చికి పోయారు. నేను పోలేదు. ఎందుకు పోవాలి? చర్చి మా ఇంటికి మూడు వందల అడుగులు. అంత దూరం గాలిలో వచ్చే గొంతుకు ఎంత దుమ్ము అంటుతుంది! అదే గొంతు పాస్టరుగారి ఫోనులోంచి లైవులో బయలుదేరి, ఏ దేశంలోనో సర్వరును చూసుకుని, నా స్విచ్చిలో స్నానం చేసి వస్తే? ఆ ఫోను టేబుల్ ఫ్యాను పక్కన స్తంభానికి రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉందంటారా? అందుకే కదా స్విచ్చి కొన్నది! కిటికీలోంచి అసలు గొంతే నేరుగా వచ్చి పరీక్షను పాడుచేస్తోందని కిటికీలు కూడా మూసేశాను.

శాస్త్రీయంగా పోల్చి చూడాలి కాబట్టి మొదటి లైను పాత డబ్బాలో విన్నాను. వెంటనే వైరు పీకి కొత్త స్విచ్చికి పెట్టాను. స్క్రీను మీద ఒక సున్నా గుండ్రంగా తిరిగింది. ఇంకా తిరిగింది. నిశ్శబ్దం వచ్చింది. ఎంత శుద్ధమైన నిశ్శబ్దం! ఆ తర్వాత "ఆమెన్" అని వినబడింది. అబ్బ, పక్కనే నిలబడి అన్నట్టుంది.

ఎలీసబెతు వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, పాట ఎట్లున్నదని అడిగింది. ఉన్నమాట చెప్పాను. ఆమెన్ అద్భుతం అన్నాను.

"ఆమెన్ నేను అనలే. సంఘమంత అన్నరు" అని లోపలికి పోయింది.

ఆనాటి నుంచి నాలుగు రోజులు ఇంట్లో ఒక్క మాట లేదు. గిన్నెలు సైతం చప్పుడు లేకుండా దిగాయి. నిశ్శబ్దం శుద్ధి అవుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

నిన్న పొద్దున బెండకాయలు కోస్తూ ఆ పాటే సన్నగా అందుకుంది. స్విచ్చి పీకి పక్కన పడేసి, కుడి చెవి ముందుకు పెట్టుకుని వంటింటి గుమ్మం దాకా పోయాను. నన్ను చూసి ఆపేసింది. నాకు సిగ్గేసింది. పాడమని బతిమాలాను.

"నడుమ మీ స్విచ్చి లేదు గదా. మీకెట్ల ఇనవడ్తది?" అంది.

ఆ మాట మాత్రం నాకు రెండు చెవులకూ వినబడింది.